తాడు లాగడం కూడా నేర్పండి సార్

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఐటీఐ, పాలిటెక్నిక్ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, ప్లేస్‌మెంట్ ఆఫీసర్లకు,

నమస్కారం.

మా అక్క కొడుకు చదివే ఐటీఐ గేటు ముందు మొన్న ఒక ఫ్లెక్సీ కట్టారు. జపాన్ కార్ల కంపెనీకి ఎంపికైన విద్యార్థులు అని పైన పెద్ద అక్షరాలు, కింద ఇరవై రెండు ఫొటోలు. మూడో వరసలో మావాడు. చొక్కా బొత్తాలు గొంతు దాకా పెట్టుకుని ఉన్నాడు, వాళ్లమ్మ దగ్గరుండి పెట్టి పంపినట్టుంది. సాయంత్రం నా షాపుకొచ్చి, "మామా, ఆడ ఎట్టుంటది?" అని అడిగాడు.

"మీ సార్ ఏం చెప్పారు?"

"పెద్ద కంపెనీ, బుద్ధిగా ఉండండి, మన కాలేజీ పేరు చెడగొట్టొద్దు అన్నారు."

"ఇంకా?"

"ఇంకేం చెప్పలా."

ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

నాది ఫిట్టర్ ట్రేడ్. 2011లో ఇలాంటి డ్రైవ్‌లోనే సెలెక్టయి, పొరుగు రాష్ట్రంలో ఒక పెద్ద జపాన్ కార్ల కంపెనీ ఫ్యాక్టరీకి వెళ్లాను. మూడేళ్లు ట్రైనీగా, ఆరేళ్లు పర్మినెంట్‌గా అసెంబ్లీ లైను మీద నిలబడ్డాను. భుజం మొరాయిస్తే 2020లో మానేసి వచ్చి నాయుడుపేటలో చిన్న లేత్ షాపు పెట్టుకున్నాను. కంపెనీ పేరు రాయను. రాస్తే చదివేవాళ్ల చూపంతా ఆ ఒక్క గేటు మీదికే పోతుంది, నేను మాట్లాడాలనుకున్నది మీ గేటు గురించి. పిల్లల్ని అక్కడికి పంపొద్దని చెప్పడానికి కూడా రాలేదు. ఆ జీతంతోనే చెల్లెలి పెళ్లి చేశాం, వెంకటగిరిలో మా రేకుల ఇల్లు స్లాబు ఇల్లయింది. ఈరోజుకీ నా షాపులో స్పానర్లు ఎక్కడివక్కడ ఉంటాయంటే అది అక్కడ నేర్చుకున్నదే.

ముందు మావాడు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్తాను. మీలో చాలామంది ఆ లైను లోపలికి వెళ్లి ఉండరు కదా.

మొదట డోజో అనే చోట కూర్చోబెడతారు. జపాన్‌లో కరాటే నేర్పే చోటును ఆ మాటతో పిలుస్తారు, ఫ్యాక్టరీలో బోల్టు బిగించడం నేర్పే చోటుకూ అదే పేరు పెట్టుకున్నారు. డబ్బాలో చెయ్యి పెట్టి, చూడకుండా, సరిగ్గా ఐదు బోల్టులే తియ్యాలి. ఆరు వస్తే మళ్లీ. బోల్టు సరిపడా బిగియగానే టక్కుమనే రెంచ్ ఉంటుంది, టార్క్ రెంచ్ అంటారు. ఆ శబ్దం వినగానే చెయ్యి ఆగిపోవాలి. ఉంగరం, వాచీ, బెల్టు బకిల్ ఏవీ ఉండకూడదు, కారు పెయింటు మీద గీత పడుతుందని. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ, రెండేళ్ల ఐటీఐలో నా చేతులకు రాని పని ఆ రెండు వారాల్లో వచ్చింది.

తర్వాత లైను. అక్కడ అన్నిటికీ మూలం టాక్ట్ టైమ్. లెక్క సులువు. టీ, భోజనం పోను షిఫ్టులో 460 నిమిషాల పని ఉందనుకోండి, ఆ షిఫ్టులో 400 కార్లు కావాలనుకోండి, అంటే 69 సెకన్లకో కారు. ఆ 69 సెకన్లలో నా స్టేషనుకి వచ్చిన కారులో ఎడమవైపు సీటు బెల్టు బోల్టు, రెండు క్లిప్పులు, ఒక కనెక్టర్. అవి అయ్యేసరికి ఇంకో కారు. అలా నాలుగు వందల సార్లు. మధ్యలో బాత్రూముకు వెళ్లాలంటే రిలీవర్ రావాలి. పది నిమిషాల టీ బ్రేకులో క్యాంటీన్‌కు వెళ్లిరావడానికే ఆరు నిమిషాలు పోయేవి. మొదటి నెల రాత్రి నిద్రలో కూడా నా కుడిచెయ్యి బోల్టు తిప్పుతోందని రూమ్మేట్ నవ్వేవాడు.

ఇక తాడు సంగతి. ప్రతి స్టేషను పక్కనా, లైను పొడవునా ఒక తాడు వేలాడుతుంటుంది. ఇప్పుడు కొన్నిచోట్ల దాని బదులు బటన్ పెట్టారు. ఏదైనా తేడా కనిపిస్తే, బోల్టు వంకరగా ఎక్కినా, క్లిప్పు విరిగినా, చివరికి నాకు టైము చాలకపోయినా, ఆ తాడు లాగాలి. లాగగానే పైన బోర్డు మీద నా స్టేషను నంబరు వెలిగి ఒక ట్యూన్ మోగుతుంది. టీమ్ లీడర్ పరిగెత్తుకొస్తాడు. కారు నేలమీది గీత దాటేలోపు ఇద్దరం కలిసి సరిచేస్తే సరే, లేకపోతే లైను ఆగుతుంది. దీన్ని ఆండాన్ అంటారు. జపాన్ భాషలో కాగితపు లాంతరని అర్థం. నిన్న చేరిన కుర్రాడి చేతికి, వందల మంది పనిని ఆపే తాడు ఇచ్చిన ఫ్యాక్టరీ ఇది. వీళ్ల పద్ధతుల్లో నాకు ఇప్పటికీ గొప్పగా అనిపించేది ఇదే.

ఈ ఆలోచన పుట్టింది కార్ల దగ్గర కాదు, మగ్గం దగ్గర. టయోటా కథ ఇది. 1867లో పుట్టిన సాకిచి టయోడా ఒక వడ్రంగి కొడుకు. వాళ్లమ్మ మగ్గం మీద పడే కష్టం చూసి మగ్గాలు బాగుచేయడం మొదలుపెట్టాడు. పోగు తెగితే దానంతటదే ఆగిపోయే మగ్గం తయారుచేశాడు. తెగిన పోగుతో గజాల కొద్దీ పనికిరాని గుడ్డ నేసే బదులు, తెగిన చోటే ఆగడం. 1924లో వచ్చిన వాళ్ల ఆటోమేటిక్ మగ్గం పేటెంటు హక్కుల్ని 1929లో ఇంగ్లండు కంపెనీ ప్లాట్ బ్రదర్స్ లక్ష పౌండ్లకు కొనేలా ఒప్పందం చేసుకుంది. కొడుకు కీచిరో కార్ల వైపు మళ్లాడు, 1937లో కార్ల కంపెనీ విడిగా ఏర్పడింది.

డోజోలో ఈ కథ చెప్పినప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. గుంట మగ్గం మీద పోగు తెగితే ఆయన కాలు దానంతటదే ఆగేది. నాడె పక్కన పెట్టి, కళ్లు చికిలించి తెగిన కొస వెతికి, వేళ్లతో మెలిపెట్టి అతికేవాడు. "తెగింది చూసుకోకుండా నేస్తే చీర మొత్తం దానికే బలి" అనేవాడు. అంటే ఈ పాఠం నాకు కొత్త కాదు, మా ఇంట్లోదే. అయినా మొదటిసారి తాడు లాగాల్సి వచ్చినప్పుడు నేను లాగలేదు.

చేరిన ఐదో వారం. రాత్రి షిఫ్టు. బోల్టు అడ్డంగా ఎక్కిందని చేతికి తెలిసింది. రెంచ్ టక్కుమనలేదు. తాడు వైపు చూశాను, గీత వైపు చూశాను, కారు వెళ్లిపోయింది. సీటు బెల్టు బోల్టు సార్ అది. చివరి ఇన్‌స్పెక్షన్‌లో దొరికింది కాబట్టి సరిపోయింది. మర్నాడు 'ఎందుకు' అని ఐదుసార్లు అడిగే కాగితం పెట్టారు. బోల్టు ఎందుకు వంకరగా ఎక్కింది, ఎందుకు తెలియలేదు, ఇలా. మా సూపర్‌వైజర్, మనవాడే, చివరి గడిలో 'ఆపరేటర్ నిర్లక్ష్యం' అని రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. జపాన్ నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన ఆ కాగితం చూసి, చివరి గడి మీద అడ్డంగా గీత కొట్టి, దుబాసీ ద్వారా నన్నొకటే అడిగించాడు: తేడా తెలిసి కూడా ఎందుకు లాగలేదు?

నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్తాను.

నేను చదివిన ఐటీఐలో ఒకసారి నా ఫైలింగ్ జాబ్‌లో, అంటే ఆకురాయితో కొలతకు అరగదీసే ఇనుప ముక్కలో, అర మిల్లీమీటరు తప్పొచ్చింది. నేనే వెళ్లి చెప్పుకున్నాను. ఆ జాబ్‌ని అందరి ముందు ఎత్తిపట్టుకుని నవ్వించారు. పక్కవాడిదీ తప్పే. వాడు సీనియర్ చేసిన జాబ్ పెట్టి మార్కులు తెచ్చుకున్నాడు. డ్రిల్లింగ్ మెషీన్ బెల్టు జారుతోందని చెప్పినవాడికి "నువ్వు నేర్చుకోవడానికొచ్చావా, నేర్పడానికొచ్చావా" అని అక్షింతలు పడ్డాయి. రికార్డు బుక్కులో పోయినేడాది వాళ్ల రీడింగులే ఎక్కించేవాళ్లం, ఎవరూ అడిగేవారు కాదు. మూడు నిమిషాలు ఆలస్యమైతే మాత్రం గేటు బయటే. రెండేళ్లపాటు మాకు నేర్పింది ఒక్కటే: తప్పు కనిపిస్తే తల దించుకో. ఆ తలతో వెళ్లి తాడు ముందు నిలబడ్డాను.

అందుకే 'బుద్ధిగా ఉండండి' అన్న మాట నాకు గుచ్చుకుంది. ఆ లైనుకి కావాల్సింది బుద్ధిమంతుడు కాదు సార్, నోరున్నవాడు.

"మనోళ్లకు బాధ్యత ఉండదు, జపాన్ వాళ్లంటే వేరే" అని మీ స్టాఫ్ రూముల్లో వినిపించే మాట నాకు తెలుసు. అమెరికాలో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. మనుషులు పనికి రారు, వచ్చినా చెయ్యరు అని దానికి చెడ్డపేరు. 1982లో మూసేశారు. 1984లో టయోటా, జీఎం కలిసి తెరిచాయి, చాలావరకు ఆ పాత కార్మికులతోనే, ఆ పాత యూనియన్‌తోనే. కొందర్ని జపాన్ తీసుకెళ్లి లైను చూపించారు, తాడు చేతికిచ్చారు. అదే మనుషులు మంచి కార్లు చేశారు. ఇంకొక చిన్న సంగతి. పొరపాటు జరగడానికి వీల్లేకుండా చేసే ఏర్పాట్లను ఇప్పుడు పోకా యోకే అంటున్నాం. మొదట వాటి పేరు బాకా యోకే. బాకా అంటే మూర్ఖుడు. 1960లలో ఒక ఫ్యాక్టరీలో ఒక కార్మికురాలు 'నేనేమన్నా మూర్ఖురాలినా' అని బాధపడితే, ఇంజనీర్ షిగియో షింగో పేరే మార్చేశాడు. పోకా అంటే పొరపాటు. మన వర్క్‌షాపుల్లో ఇన్‌స్ట్రక్టర్ల నోటికొచ్చే పిలుపులు ఒకసారి గుర్తు చేసుకోండి.

అయితే ఆ ఫ్యాక్టరీ స్వర్గమని చెప్పి ఆపేస్తే నేను కూడా ఫ్లెక్సీ కట్టినవాణ్నే అవుతాను.

అక్కడ గోడల మీద మూడు మాటలు రాసి ఉండేవి. ముదా, మురా, మురి. ముదా అంటే వృథా. మురా అంటే హెచ్చుతగ్గులు. మురి అంటే మోయలేని బరువు, మనిషి మీద గానీ, యంత్రం మీద గానీ. తొమ్మిదేళ్లలో ముదా గురించి కొన్ని వందల మీటింగులు కూర్చున్నాను. మురి గురించి కూర్చున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బోల్టు వంకర పోతే లాగడానికి తాడుంది. భుజం వంకర పోతే ఏది లాగాలి?

నా సజెషన్ కథ చెప్తాను. క్లిప్పుల ట్రే రెండడుగులు వెనక ఉండేది. దాన్ని కారుతోపాటు కదిలే బండికి తగిలిస్తే నాలుగు సెకన్లు మిగులుతాయని కాగితం రాసిచ్చాను. ఒప్పుకున్నారు. అందరి ముందు చప్పట్లు, ఒక స్టీలు హాట్‌బాక్స్ బహుమతి. అమ్మ ఇప్పటికీ దాంట్లోనే ఇడ్లీలు పెడుతుంది. నాకు చాలా గర్వంగా ఉండేది. అలాగే ఇంకొందరు రాశారు. ఐదు సెకన్లు, ఏడు సెకన్లు. నాలుగు నెలలకు అవన్నీ కూడి మా వరసలో ఒక స్టేషను ఎత్తేశారు. దాని పని మా అందరికీ తలా కొంచెం పంచారు. ఇలా పనిని కొంచెం కొంచెంగా మెరుగుపరచడాన్ని కైజెన్ అంటారు. కైజెన్ వల్ల ఎవరి ఉద్యోగం పోకూడదన్నది ఆ పద్ధతిలో ఒక నియమం, అది నిజంగానే పాటించారు, పర్మినెంట్ వాళ్ల విషయంలో. ఆ స్టేషనులో ఉన్నది ట్రైనీ. వాణ్ని ఎవరూ తీసెయ్యలేదు, గడువైపోయాక పొడిగించలేదు, అంతే. నా చెయ్యి నిద్రలో తిరుగుతోందని నవ్విన రూమ్మేట్ వాడే. హాట్‌బాక్స్ కొన్నాళ్లు అట్టపెట్టెలోంచి తియ్యలేదు నేను.

ఇది మా ఒక్క లైను బాధ కాదు. జపాన్‌లో టయోటా సుత్సుమి ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే 30 ఏళ్ల ఉద్యోగి 2002 ఫిబ్రవరిలో తెల్లవారుజామున డ్యూటీలోనే కుప్పకూలి చనిపోయాడు. నాణ్యత పెంచడం గురించి కార్మికులు గుంపుగా కూర్చునే క్వాలిటీ సర్కిల్ మీటింగులు, సజెషన్లు రాయడం 'స్వచ్ఛందం' కాబట్టి పని గంటల్లోకి రావని లేబర్ ఆఫీసు కొట్టేసింది. భార్య కోర్టుకెళ్లింది. 2007లో నగోయా జిల్లా కోర్టు అవన్నీ పనేనని, అది అధిక పని వల్ల వచ్చిన చావేనని తీర్పిచ్చింది. మరుసటి ఏడాది నుంచి కంపెనీ ఆ సర్కిల్ గంటలకు ఓవర్‌టైమ్ కట్టడం మొదలుపెట్టింది. ఇక 2023 డిసెంబరులో, టయోటా సొంత అనుబంధ కంపెనీ దైహత్సులో 64 మోడళ్ల సేఫ్టీ సర్టిఫికేషన్ పరీక్షల్లో అక్రమాలు బయటపడి కార్ల రవాణానే ఆపేయాల్సి వచ్చింది. విచారణ జరిపిన బయటి కమిటీ వేలెత్తి చూపింది మరీ బిగువైన డెవలప్‌మెంట్ షెడ్యూళ్లను. లైను మీది కుర్రాడికి తాడిచ్చిన కుటుంబంలోనే, ఆఫీసులో కూర్చున్న ఇంజనీరుకి 'ఈ తేదీకి కాదు' అని చెప్పే తాడు లేకపోయింది.

మన దేశం సంగతి. 2012 జూలై 18న హర్యానాలో మారుతీ సుజుకీ మానేసర్ ఫ్యాక్టరీలో జరిగిన హింసలో ఒక హెచ్‌ఆర్ జనరల్ మేనేజర్ ప్రాణం పోయింది. అంతకు ముందు ఏడాదంతా అక్కడ సమ్మెలే. 2017లో గురుగ్రామ్ కోర్టు 31 మందిని దోషులని తేల్చింది, 117 మందిని వదిలేసింది. ఆ వదిలేసినవాళ్లలో ఏళ్ల తరబడి జైల్లో ఉన్నవాళ్లున్నారు. ఆ వార్త టీవీలో చూసిన రాత్రి మా హాస్టల్ గదిలో ఎవరూ మాట్లాడలేదు. మనిషి ప్రాణం తీయడాన్ని ఎవరూ సమర్థించలేరు. కానీ ఆ జైలుకెళ్లినవాళ్లు కూడా ఏదో ఐటీఐ ఫ్లెక్సీ మీద నవ్వుతూ నిలబడ్డ పిల్లలేనని ఆ రాత్రంతా అనిపించింది. 2020 నవంబరులో బెంగళూరు పక్కన బిడదిలో టయోటా కిర్లోస్కర్ లాకౌట్ ప్రకటించింది. కార్మికులు ఎత్తిన ఫిర్యాదు పనిభారం గురించి. గొడవ నెలల తరబడి సాగింది.

ఇప్పుడు జపాన్‌కే నేరుగా పంపుతామంటున్నారు, తెలంగాణలో టామ్‌కామ్ లాంటి ప్రభుత్వ సంస్థలే భాష నేర్పి పంపుతున్నాయి. మంచిదే. కానీ 1993లో మొదలైన జపాన్ ట్రైనీ పథకంలో యజమాని నచ్చకపోతే మారే వీలు దాదాపు లేదన్న సంగతి వెళ్లే పిల్లకు, పిల్లాడికి ముందే తెలియాలి. ఆ పథకాన్ని తీసేసి కొత్తది పెట్టాలని 2024లో అక్కడి పార్లమెంటు చట్టం చేసింది, 2027 నుంచి అమలు. కొత్తదాంట్లో కొన్ని షరతుల మీద మారొచ్చు. ఏ పథకం కింద వెళ్తున్నారో కాగితం చూపించి చెప్పండి.

అసలు ఆ కాగితం గురించే నా మొదటి విన్నపం. ఫ్లెక్సీ మీద 'ఉద్యోగం' అని వేస్తున్నారు, ఆఫర్ లెటరులో 'ట్రైనీ' అనో 'అప్రెంటిస్' అనో ఉంటుంది. ఎన్నాళ్లు, క్యాంటీన్, బస్సు, రూము పోను చేతికెంత, గడువయ్యాక పోయినేడాది బ్యాచ్‌లో ఎంతమందిని ఉంచుకున్నారు. ఈ ప్రశ్నలు కంపెనీ హెచ్‌ఆర్‌ని అడగాల్సింది పద్దెనిమిదేళ్ల పిల్లవాడు కాదు, బల్లకు ఇవతల కూర్చున్న మీరు. అడిగితే వచ్చే ఏడాది డ్రైవ్‌కి రారేమోనన్న భయం మీకుంటుంది. నిజమే, అది చిన్న భయం కాదు. కానీ నేను చూసినంతలో వాళ్లకు కుర్రాళ్ల అవసరం మీరనుకునేదానికంటే ఎక్కువ.

రెండోది ఫోను. నన్ను సెలెక్ట్ చేయించిన కాలేజీ నుంచి తొమ్మిదేళ్లలో నాకు ఒకే ఒక్క ఫోను వచ్చింది, అదీ ఇన్‌స్పెక్షన్‌కి శాలరీ స్లిప్పు కావాలని. చేరిన ఆరు నెలలకు ప్రతి పిల్లాడికీ ఒక్క కాల్ చెయ్యండి. జీతం అడగొద్దు, అది ఎలాగూ చెప్తాడు. భుజం, నడుము ఎలా ఉన్నాయి, నిద్ర పడుతోందా అని అడగండి. నేను నొప్పి మొదలైన ఏడాదిన్నర దాకా ఎవరికీ చెప్పలేదు. చెప్తే స్టేషను మారుస్తారని తెలియక కాదు, చేతకానివాడంటారని. చివరికి చెప్పినప్పుడు మార్చారు కూడా. అప్పటికే ఆలస్యమైంది. చెయ్యి ఎత్తి పై అరలోంచి డ్రిల్ బిట్ తియ్యాలంటే ఇప్పటికీ ఎడమచెయ్యే.

మూడోది మీ వర్క్‌షాప్‌లోనే ఉంది, పైసా ఖర్చు లేదు. తప్పు కొలత తానే చెప్పుకున్నవాడికి మార్కు కొయ్యకండి. మెషీన్ బాగాలేదన్నవాడి మాట విని, ఒక్కసారి వెళ్లి చూడండి.

మావాడి బ్యాచ్ వచ్చే నెల పదో తారీఖున బయల్దేరుతోంది. ఈలోపు ఏ శనివారమైనా వాళ్ల ప్రిన్సిపాల్ గారు నాకు ఒక్క గంట ఇస్తే చాలు. బెంచీలు వరసగా వేసి లైను చేద్దాం. నట్లు, బోల్టులు నా షాపువే. కావాలనే కొన్ని మర పోయినవి కలుపుతాను. ఎవడు ఆపుతాడో, ఎవడు వదిలేస్తాడో మీరే పక్కన నిలబడి చూద్దురు గానీ. తాడు, సైకిల్ గంట నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
ఒక పూర్వ విద్యార్థి, ఫిట్టర్ ట్రేడ్,
నాయుడుపేట